టైలర్ కాలేబు గాలపు దారం

నారాయణఖేడ్ చరిత్రను ఇంతవరకు ఎవరూ సక్రమంగా రాయలేదు. రాసినవాళ్లు కచేరి ఎప్పుడు కట్టారో, మొదటి బస్సు ఏ వాగులో దిగబడిందో, కరెంటు దీపం ముందుగా ఎవరి గుమ్మంలో వెలిగిందో రాశారు గాని, టైలర్ కాలేబు ఎడమ తొడ గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఇది ఉపేక్షించదగిన లోపం కాదు.

ఎందుకంటే ఇరవై ఏళ్ల పాటు ఆ తొడ మీద దారం పురి ఎక్కింది. మూరెడు దారం చేతికి చిక్కితే చాలు, కాలేబు లుంగీ మోకాలి పైకి లాగి, దారాన్ని తొడ మీద పరిచి, అరచేత్తో ఒక్క తోపు తోసేవాడు. అది కొత్త రీలు దారమా, గోనెసంచి కుట్టు విప్పిన దారమా, ఎదుటివాడి చొక్కా చేతి నుంచి వేలాడుతున్న పోగా అన్న భేదం అతనికి లేదు. చావు ఇంట్లో కూర్చున్నా అదే పని, పెళ్లి పందిట్లో కూర్చున్నా అదే పని. చర్చిలో పాస్టరు కళ్లు మూసుకొని ప్రార్థిద్దామన్నప్పుడు సంఘమంతా కళ్లు మూసుకునేది. కాలేబు కూడా మూసుకునేవాడు. వేళ్లు మాత్రం మేలుకొని ఉండేవి. ఆమెన్ అనేసరికి పక్కవాడి కండువా అంచు జడలాగా అల్లుకుపోయి ఉండేది.

ఈ అలవాటుకు మూలపురుషుడు ఒక దొర. అసలు పేరు విల్కిన్సన్. ఖేడ్ జనం నోట్లో పడి ఇల్కిన్ దొర అయ్యాడు. మిషన్ పని మీద బీదర్ నుంచి వారం వారం జీపులో వచ్చేవాడు. శనివారం ఒంటరిగా మంజీర ఒడ్డుకు చేపలకు పోయేవాడు, ఆదివారం ప్రసంగం చేసేవాడు. ఈ రెండింట్లో ఏది పని, ఏది విశ్రాంతి అన్నది సంఘానికి చివరిదాకా అంతుబట్టలేదు.

దొర చేపల వేట మనవాళ్ల వేటలాంటిది కాదు. గాలానికి ఎర్రను, అంటే వానపామును, గుచ్చడం ఆయన దృష్టిలో నీచం. కోడి ఈకను సన్నగా చీల్చి, గాలానికి కట్టి, దానికి ఈగ అని పేరు పెట్టి, ఒక సన్నటి పొడుగాటి కట్టెతో ఆ ఈగను గాల్లో అటూ ఇటూ ఊపి నీటి మీద వాలనిచ్చేవాడు. నీళ్ల మీద ఈగ వాలిందనుకొని చేప పైకి రావాలి. వచ్చి మోసపోవాలి. ఇందులో కీలకమంతా ఈకలో లేదు, కట్టెలో లేదు. లావు దారానికీ గాలానికీ నడుమ ఒకటిన్నర బార పొడుగున ఉండే పేనిన దారంలో ఉంది. దొర దాన్ని లీడర్ అన్నాడు. పురి ఎక్కించి వదిలిపెడితే మెలికలు తిరిగేది లీడరేనని ఖేడ్ జనం వెంటనే ఒప్పుకున్నారు. వాళ్లకు అంతకు ముందే తెలిసిన లీడర్లూ అలాగే ఉండేవారు.

డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో దొరగారి లీడరు ఎండకు పెళుసెక్కి పుటుక్కున తెగింది. ఊళ్లో దారం ఉన్నవాడెవడని వెతుక్కుంటూ ఆయన బస్టాండు పక్క రేకుల షెడ్డులో మిషను తొక్కుతున్న కాలేబు దగ్గరికి వచ్చాడు. ఒక మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి విద్య నేర్పాడు. ఆ మధ్యాహ్నం ఇవ్వాల్సిన పెళ్లికొడుకు పైజామా ఆ పెళ్లికి అందలేదు. ఒక పెద్ద ఉద్యమానికి అదే మొదటి బలి.

విద్య ఇదీ. ఒక పొడుగు పలకకు వరసగా మేకులు కొట్టాలి. దారాన్ని మేకు నుంచి మేకుకు కొక్కెం వేసుకుంటూ పోవాలి. కట్టె వైపు పోగులు ఎక్కువ, పోను పోను తక్కువ. ఎద్దు తోకలాగా మొదట లావుగా, చివర సన్నగా రావాలి. అలాంటి పాయలు రెండు పెట్టుకొని, వడ్లాయన దగ్గర అరువు తెచ్చిన, చెక్కకు బెజ్జాలు వేసే బర్మాకు ఒక్కొక్క పాయనే తగిలించి, ఇక తిరగనని మొరాయించేదాకా పురి ఎక్కించాలి. అప్పుడు రెండు పాయల కొసలూ కలిపి ఒక్కసారి వదలాలి. రెండూ బుసలు కొడుతూ ఒకదాన్నొకటి చుట్టుకొని, చుట్టుకొని, చివరికి ఒక్క దారమై చల్లబడతాయి. క్రైస్తవ వివాహం కూడా ఇంతేనని దొర చెప్పాడట. రిబ్కమ్మ ఆ మాట విని, ఇందులో పాయలు రెండూ సమానంగా తిరుగుతాయి కదా అని ఊరుకుంది. రిబ్కమ్మ కాలేబు భార్య.

ఆఖరున దారానికి కొవ్వొత్తి రుద్దాలి. నీళ్లు పీల్చకుండా తేలడానికి. ఖేడ్ చర్చిలో కొవ్వొత్తులు ఎప్పుడూ కురచగా ఎందుకుండేవో ఆ తర్వాత చాలాకాలానికి గాని పెద్దలకు తెలియలేదు.

డెబ్బై మూడులో దొర తన దేశానికి వెళ్లిపోతూ చేపల కట్టెను కాలేబుకు ఇచ్చి వెళ్లాడు. ఇచ్చాడా, మరిచిపోయాడా అన్న దాంట్లో రెండు అభిప్రాయాలున్నాయి. ఇచ్చాడన్నది కాలేబు అభిప్రాయం. రెండోది మిగతా ఊరిది. ఏదైతేనేం, కట్టె షెడ్డులో దూలానికి వేలాడింది. ఆ రోజు నుంచి కాలేబు టైలర్ కాడు, దొరగారి శిష్యుడు.

శిష్యుడికి గురువు మీద అంత గురి ఉండడానికి కారణముంది. ఇల్కిన్ దొర ఏ శనివారమూ వట్టి చేతుల్తో తిరిగి రాలేదు. పొద్దుగూకే వేళ జీపు మిషన్ బంగళా ముందు ఆగేది, దొర దిగేవాడు, భుజాన సంచిలోంచి కొర్రమట్ట తోక బయటికి కనిపించేది. ఇది పెద్దలందరూ కళ్లారా చూసిన సత్యం. కాలేబు మాత్రం ఈ ఇరవై ఏళ్లలో ఒక్క చేపనూ పట్టలేదు. కొర్రమట్ట సంగతి అటుంచి, వేలెడు పరక కూడా పడలేదు. దొరకు పడి తనకు పడలేదంటే లోపం ఎక్కడుంది? కట్టె అదే, మంజీర అదే, ఈకలు రిబ్కమ్మ పుంజువే. కాబట్టి లోపం దారంలోనే ఉండాలి. పురి ఎక్కువైంది. లేదా తక్కువైంది. కొస లావైంది. మైనం పలచనైంది. ఇలా పడని ప్రతి చేపకూ కాలేబు ఒక కొత్త దారం పేనేవాడు.

పనికిరావని పారేసిన దారాలు ఊరికి పనికొచ్చాయి. తల్లులు వాటిని ఏరుకుపోయి మగపిల్లలకు మొలతాళ్లు కట్టారు. తెగవు, ఒరుసుకోవు, కొసకు సన్నబడతాయి గనక ముడి అందంగా కూర్చుంటుంది. ఖేడ్‌లో ఆ కాలంలో పుట్టిన మగసంతానంలో సగానికి నడుము మీద దొర విద్య ఉంది. దారి మధ్యలో బరిబాతల పరుగెత్తే పిల్లల మీద తన కళాఖండాలను చూసినప్పుడల్లా కాలేబు ముఖం తిప్పుకునేవాడు.

ఇక గుడ్డలు కుట్టడం సంగతి. దసరాకని ఇచ్చినవి క్రిస్మసుకూ, క్రిస్మసుకని ఇచ్చినవి ఉగాదికీ వచ్చేవి. మతసామరస్యం అలా వెల్లివిరిసేది.

సింగూరు కట్ట పడి, మంజీర నీళ్లు వెనక్కి తన్ని బోరంచ దాకా నిలిచిన తర్వాత, ఒక కార్తెలో, సంతనాడు భూమన్న షెడ్డులోకి వచ్చాడు. భూమన్నది బోరంచ. తాత తండ్రుల నుంచి గాలం వేసి చేపలు పట్టి ఖేడ్ సంతలో అమ్ముకునే మనిషి.

“టేలర్ సాబ్, నా అంగీ అయ్యిందా?”

“అయితది.”

“ఉగాదికిచ్చిన. దసరా వోయింది.”

“కాలరు కాడ ఆగింది.”

భూమన్న పలక మీది మేకులను, వాటి మీద ఎక్కిన దారాన్ని, మూలన మడత విప్పని తన గుడ్డను వరసగా చూశాడు.

“గుడ్డ మూలకు గూసున్నది, దారం మేకులెక్కింది. అన్నా, ఒక్క మాట అడుగుత, కోపం జేయకు. ఆకలైన చేప ఎర్ర తింటది. ఈక ఎందుకు తింటది? కోడికూర తినంగ మిగిలిన ఈకలు నువ్వు తింటవా?”

“నీకు సమజ్ గాదు భూమన్నా. ఎర్ర ఏసుడంటే ఆకలి మీద కొట్టుడు. గది మోసం. గిది విద్య.”

“ఏది మోసమో చేపనడిగినవా?”

“చేపకు అనుమానం రావద్దు. గందుకే గీ దారం. ఈగ నీళ్ల మీద వాలితే దూదిపింజ వాలినట్టుండాలె.”

“ఇరవై ఏండ్లసంది చేపకు అనుమానం రాలె, నిజమే,” అన్నాడు భూమన్న, బీడీ చెవిలోంచి తీసి వెలిగించుకుంటూ. “నమ్మకం గూడ రాలె.”

బల్ల మీద కూర్చున్న గిరాకీలు నవ్వారు. నవ్వినవాళ్లలో ముగ్గురి గుడ్డలు ఇంకా మూలనే ఉన్నాయి కాబట్టి వాళ్ల నవ్వులో కొంచెం బలం ఎక్కువే ఉంది.

ఆ నవ్వు కాలేబు చెవుల్లో ఉండగానే ఆదివారం వచ్చింది. కోతల పండుగకు ముందటి ఆదివారం. ఖేడ్ సంఘంలో ఆ రోజుకొక ఆచారం ఉంది. ప్రతి ఇంటి యజమానీ లేచి నిలబడి, వచ్చే వారం పండుగకు తన కష్టార్జితంలోంచి ఏం తెస్తాడో అందరి ముందూ చెప్పాలి. జొన్నలు తెచ్చేవాడు జొన్నలు, కందులు తెచ్చేవాడు కందులు, కోడిని తెచ్చేవాడు కోడి. తెచ్చినవాటిని పండుగనాడు వేలం వేస్తారు. నల్లపోచమ్మకు మొక్కిన మొక్కును రెండేళ్లు వాయిదా వేస్తే అమ్మవారు ఓపిక పట్టొచ్చు గాని, చర్చిలో నిలబడి చెప్పిన మాట వాయిదా పడదు. అలా వాయిదా వేసినవాడి ఇంట్లో బర్రె ఈనదని ముసలమ్మలు చెబుతారు. ఈ సంగతి బైబిల్లో ఎక్కడా లేదని కొత్తగా వచ్చిన పాస్టరు మత్తయి అయ్యగారు ఒకసారి వివరించబోయారు. బర్రెలున్నవాళ్లెవరూ ఆయన మాట వినలేదు.

కాలేబు ఏటా ఒక చొక్కా ఇస్తానని చెప్పేవాడు. ఒకటి రెండేళ్లు చేతులు లేకుండా ఇచ్చాడు. ఈసారి లేచి గొంతు సవరించుకున్నాడు.

“వచ్చే ఆదివారం నా దారంతోని పట్టిన చేప దెస్త. తేకుంటే దొరగారి కట్టెను వేలంల వెడ్త.”

ఆడవాళ్ల వైపున రిబ్కమ్మ కొంగును ముక్కు దాకా లాక్కుంది. మత్తయి అయ్యగారు ముఖం వికసించి, పేతురు కూడా జాలరియే అన్నారు. ప్రసంగానికి ఒక వారం ముందే ముడిసరుకు దొరికిన పాస్టరు ఆనందం అది.

ఇంటికి పోతూ రిబ్కమ్మ అడిగింది. “ఆ నోరును గూడ ఒక మేకుకు తగిలేయరాదా?”

చర్చిలో చెప్పిన మాటకు అర్థమేమిటో కాలేబుకు అప్పుడప్పుడే తెలుస్తోంది. కట్టె పోతే పోయేది వెదురుబద్ద కాదు. అది దూలానికి ఉన్నంతకాలమే అతను దొరగారి శిష్యుడు. అది పోయిన మరునాడు అతను గుడ్డలు ఆలస్యంగా ఇచ్చే టైలరు. అలాంటివాళ్లు ఖేడ్‌లో ఇంకా ఇద్దరున్నారు, వాళ్ల కుట్టు కొంచెం నయం.

ఆ వారం రోజులు షెడ్డు ముందు తలుపు మూసే ఉంది. అయ్యగారి కొత్త అంగీ అంచుకని హైదరాబాదు నుంచి తెప్పించిన పట్టుదారం మేకులెక్కింది. కాలేబు పురి ఎక్కించాడు, విప్పాడు, మళ్లీ ఎక్కించాడు. శుక్రవారానికి ఒక దారం తయారైంది. చూసినవాడెవడైనా, చేపల గొడవ తెలియనివాడైతే, అద్భుతమనే అంటాడు. గోరుతో మీటితే తంబూరా తీగలా పలికింది. గాల్లోకి విసిరితే ఒకసారి పాములా చుట్టుకొని, నిదానంగా విప్పుకొని, ఈకను చాప మీద చప్పుడు లేకుండా దించింది. కాలేబు కళ్లలో నీళ్లు తిరిగాయి. రిబ్కమ్మకు కూడా తిరిగాయి, పుంజు మెడను చూసి.

శనివారం పొద్దున బోరంచ బస్సులో కాలేబు పక్కన రిబ్కమ్మ కూడా ఎక్కి కూర్చుంది.

“నువ్వెందుకే?”

“చర్చిల నిలవడి చెప్పినవు. రేపు నన్నడుగుతరు చేప యాడికెళ్లి వచ్చిందని. నా కండ్లతోని సూడకుండ నేనేం జెప్పాలె?”

నీళ్ల ఒడ్డున తుమ్మచెట్లు దాటి కొంచెం బయలు ఉంది. కాలేబు కట్టెకు దారం తగిలించి, ఈకకు దండం పెట్టినంత పని చేసి, వెనక్కీ ముందుకూ ఊపడం మొదలుపెట్టాడు. ఈ వేటలో ఒక ఇబ్బంది ఉంది. దారం ముందుకు ఎంత పోవాలో ముందుగా వెనక్కి అంత పోవాలి. వెనక ఏముందో వేటగాడికి కనపడదు. మొదటిసారి వెనక తుమ్మకొమ్మ ఉంది. రెండోసారి రిబ్కమ్మ కొంగు. మూడోసారి ఒక బర్రె చెవి. బర్రె మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని మేపుతున్న రామవ్వ అనే ముసలామె పట్టించుకుంది.

“ఓ కొడుకా, ఏం జేస్తున్నవు? ఈగల్ని గొడ్తున్నవా?”

“చేపలు వడ్తున్న అవ్వా.”

రామవ్వ నీళ్ల వైపు చూసింది, తన బర్రె వైపు చూసింది. “చేపలు గిటు దిక్కు లేవు బిడ్డా,” అంది. “నీళ్లల్ల ఉంటయి.”

ఆ తర్వాత దారం నీళ్లలోకే పోయింది. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా పోయింది. లావు దారం నుంచి సన్న కొస దాకా అల ఒకటి నడిచి, ఈక నీటి మీద ముద్దు పెట్టినట్టు వాలింది. ఒక పరక దగ్గరికి వచ్చి, ఈకను చూసి, చుట్టూ తిరిగి చూసి, పోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ వాలింది. ఎండ నడినెత్తికి వచ్చింది, పడమటికి వాలింది, రామవ్వ బర్రెలు నీళ్లు తాగి వెళ్లిపోయాయి. ఈక మాత్రం ప్రతిసారీ మహత్తరంగా వాలుతూనే ఉంది. రిబ్కమ్మ సజ్జరొట్టె తిని, భర్తకు పెట్టి, తుమ్మచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుంది.

కాలేబుకు తెలిసిపోయింది. దారంలో ఇక ఏ లోపమూ లేదు. ఇంతకన్నా మంచి దారం తన చేతుల్లో పుట్టదు. ఈ దారానికీ చేప పడలేదంటే ఇక పేనడానికి ఏమీ మిగల్లేదు. రేపు ఈపాటికి కట్టె ఎవడి ఇంట్లోనో బట్టలు ఆరేసుకునే దండెమవుతుంది.

అప్పుడు భూమన్న పుట్టి పడవ మెల్లగా ఒడ్డుకు తగిలింది. అతని ఎర్రలు ఆ రోజూ తమ నీచమైన పని తాము చేశాయి. పుట్టిలో కుండలో ఒక కొర్రమట్ట, బతికే ఉంది, తోకతో నీళ్లు కొడుతోంది. భూమన్న కట్టెను చూశాడు, కాలేబు ముఖం చూశాడు. చర్చిలో చెప్పిన మాట సంతదాకా వచ్చి, సంత నుంచి బోరంచదాకా వచ్చింది గనక ఏమీ అడగలేదు.

“తీస్కో అన్నా,” అన్నాడు. “నేనెవ్వలికి జెప్ప.”

కాలేబు నిటారుగా నిలబడ్డాడు. పడమటి ఎండ ముఖాన పడుతోంది. కట్టెను బల్లెంలా నేలకు ఆనించాడు. మాట్లాడేది తానే అయినా, ఆ గొంతు తనకే కొత్తగా ఉంది.

“వద్దు భూమన్నా. ఇల్కిన్ దొర ఉన్నన్ని దినాలు శనివారం శనివారం చేప దెచ్చిండు. ఒక్కనాడు పరాయి చేప ముట్టలె. నేను ఆయన శిష్యున్ని. కట్టె వోతే వోనీ. దొర పేరు వోవద్దు.”

గాలి కూడా ఆగినట్టనిపించింది. నీళ్లలో ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఆలోచనలో పడింది.

భూమన్న గడ్డిపరకతో చెవిలో తిప్పుకుంటూ, “ఇల్కిన్ దొరనా?” అన్నాడు. “మా నాయిన కాడ తీస్కునేటోడు.”

“ఏంది?”

“చేప. శనివారం శనివారం. గా తుమ్మచెట్టు కింద టోపీ మొకం మీద కప్పుకోని పండుకునేటోడు. పొద్దుగూకే ముంగట మా నాయిన లేపి చేప ఇచ్చెటోడు. కొర్రమట్టనే గావాలె అనేటోడు. తోక పొడుగుంటది గదా, సంచిలకెళ్లి అవుపడాలె.”

“ఆయన ఒక్కటన్న వట్టలేదా?”

భూమన్న నిజాయితీగా ఆలోచించాడు. “ఒక్కసారి వట్టిండు. మా నాయిన రుమాలు.”

కాలేబు కూర్చుండిపోయాడు. ఇరవై ఏళ్లు. అన్ని ఏళ్లలో పేనిన దారాలన్నీ వరసగా కళ్ల ముందుకు వచ్చాయి. పురి ఎక్కువైందని పారేసినవి, తక్కువైందని పారేసినవి, ఊరి పిల్లల నడుములకు ఎక్కినవి. ఒక్కదానిలోనూ లోపం లేదు పాపం. గుండె బరువెక్కింది. కాని విచిత్రమేమంటే ఆ బరువు ఎక్కువసేపు నిలవలేదు. దాని వెనకే మెల్లగా మరొక ఆలోచన వచ్చింది. చేపలు పట్టడంలో తానూ దొరా సరిసమానం. దారం పేనడంలో తాను దొరను ఎప్పుడో దాటిపోయాడు. ఈ లెక్కన గురువుకన్నా శిష్యుడే ఒక మెట్టు పైన ఉన్నాడు. ఇలాంటి లెక్క మనిషిని ఏ గోతిలోంచైనా పైకి లాగుతుంది.

రిబ్కమ్మకు ఏ లెక్కా అక్కర్లేదు. రొట్టెలు తెచ్చిన గుడ్డ దులిపి మడిచి చంకన పెట్టుకుంది.

“ఇగ ఏం జూస్తున్నవయ్యా? దొర ఎట్ల జేసిండో గట్ల జెయ్యి. బస్సు వోతది.”

“చర్చిల మాటిచ్చిన గదనే.”

“దొర చర్చిల నిలవడి ప్రసంగాలే జెప్పిండు. ఆయనకేమన్న అయ్యిందా? ఆయన జీపు ఆగిందా?”

కాలేబు కుండ వైపు చూశాడు. కొర్రమట్ట కూడా అతని వైపు చూసింది. ఇరవై ఏళ్లలో ఒక చేప అతన్ని అంత దగ్గరి నుంచి చూడడం అదే మొదలు.

“ఏమియ్యాలె?”

“పైసలొద్దు. నా అంగీ గావాలె. సోమవారం సంతకు.”

“గురువారం.”

“మల్ల నీళ్లల్ల ఇడుస్త.”

“సోమవారం,” అన్నాడు కాలేబు. దొరగారి శిష్యుడు ఒక గుడ్డకు నిజమైన గడువు చెప్పడం ఖేడ్ వాణిజ్య చరిత్రలో అదే ప్రథమం.

ఆదివారం చర్చి వాకిలి సంతలా ఉంది. జొన్న బస్తాలు, కందులు, ఎండుమిరపకాయల తట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఎక్కడ చూసినా గుమ్మడికాయలు. ఆ ఏడు గుమ్మడి విరగకాసింది. లోపల బల్ల ముందు ఒక బొక్కెన, బొక్కెన మీద గుడ్డ. ప్రార్థన మధ్యలో బొక్కెనలోంచి తపతపమని చప్పుడు వచ్చింది. సంఘంలో ఒక్క కన్నూ మూతపడలేదు. కాలేబు చేతులు ఒడిలో పెట్టుకొని ఉన్నాడు. ఒక్క పోగునూ ముట్టలేదు.

మత్తయి అయ్యగారు గుడ్డ తీసి చూశారు. ఆయన కొత్త అంగీ అంచు ఒకవైపు జారి నేలను ఊడుస్తోంది. అది ఆయన ఇంకా గమనించలేదు.

“కాలేబూ, సంఘం ముందర చెప్పు. ఈ చేపను నువ్వే తెచ్చినవా?”

కాలేబు లేచాడు. ఆడవాళ్ల వైపు రిబ్కమ్మ తల వంచుకొని కీర్తనల పుస్తకం తిరగేసింది, అది తలకిందులుగా ఉంది.

“అయ్యగారూ, దొరగారు శనివారం శనివారం ఎట్ల దెచ్చెటోడో, గట్లనే దెచ్చిన. అదే ఒడ్డు, అదే చేప. ఇసుమంత తేడా లేదు.”

సంఘం ఊపిరి పీల్చుకుంది. అప్పుడు ముందు వరసలో ఒక దగ్గు వినిపించింది. అమృతమ్మది. దొర ఉన్నన్నాళ్లూ బంగళాలో వంట చేసిన మనిషి, ఆ చేపలను తోమి, కోసి, వండిన మనిషి.

“నిజమే అయ్యగారూ,” అంది అమృతమ్మ, పంటి కింద నవ్వును నొక్కిపెట్టి. “గట్లనే దెచ్చెటోడు. నేనే గద తోమింది. దొర చేప మూతికి ఎప్పుడూ ఎర్ర అంటుకోనుండేది. గీ చేప గూడ గట్లనే ఉన్నది.”

చేప మూతికి ఎర్ర అంటుకొని ఉండడమంటే ఏమిటో అయ్యగారికి తెలియదు. ఆయనది పట్నం. తెలిసిన రైతులు పక్కవాళ్ల వైపు చూసి, పక్కవాళ్లు కూడా తమ వైపే చూస్తున్నారని గ్రహించి, ముందుకు చూశారు. వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే మాట కాలేబు దగ్గర ఆగదు. దొరదాకా పోతుంది. దొర చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు అందులో సగం మంది.

“ఇద్దరు సాక్షుల నోట ప్రతి మాట స్థిరపడును,” అని అయ్యగారు చేయెత్తారు. కట్టె కాలేబుదే అయింది. అప్పుడు ప్రసంగం మొదలైంది. గలిలయ సముద్రం నుంచి మంజీర దాకా వచ్చింది. వలలు వదిలి వెంబడించిన జాలరుల మీదుగా సాగి, పేనిన దారంలో రెండు పాయల్లాగా విశ్వాసమూ క్రియలూ కలిసి ఉండాలని చెప్పి, ఐదు రొట్టెలూ రెండు చేపలూ ఐదు వేల మందికి సరిపోయేలా పంచిన చోటికి చేరుకుంది. అయ్యగారి గొంతు గద్గదమైంది. ఇటువంటి చేపను వేలం వేయడం తగదని, ఈ రోజు సంఘమంతా కూర్చునే ప్రేమవిందులో దీన్ని పంచుదామని ప్రకటించారు. యువజనులు హల్లెలూయా అన్నారు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కాలేబు కూడా తుడుచుకున్నాడు. ఆ క్షణాన అతను చెప్పిందంతా తానే నమ్మాడు.

ప్రేమవిందుకు రెండు వందల మందికి పైగా కూర్చున్నారు. చేప ఒకటే. పంక్తిలో అందరికీ గుమ్మడికాయ కూర వడ్డించారు.